తుయినా చేయడం ఎలా: పట్టేసిన మెడకు, నడుముకు చైనా మర్దన పద్ధతి

పొద్దున లేచేసరికి మెడ ఒక పక్కకు తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాల్సి వస్తుంది. మనం దీన్ని మెడ పట్టేసిందంటాం, తప్పు తలగడ మీద వేస్తాం. చైనావాళ్లు పెట్టిన పేరులోనూ తలగడే ఉంది. వాళ్లు దీన్ని లువోజెన్ అంటారు, అంటే తలగడ మీంచి జారిపడటం. అక్కడ దీనికోసం చాలామంది తుయినా విభాగానికి వెళతారు. వైద్యుడు మొదలుపెట్టగానే మెడను విరవడు. ముందు రోగి అరచేతి వెనక ఒక చోట నొక్కి పట్టుకుని, మెడను నెమ్మదిగా తిప్పమంటాడు. ఆ తర్వాతే చెయ్యి భుజం మీదికి వెళుతుంది.

తుయి అంటే తోయడం, నా అంటే పిడికిట పట్టడం. ఈ పేరు మింగ్ వంశ కాలంలో పిల్లల వైద్య గ్రంథాల ద్వారా వాడుకలోకి వచ్చింది. అంతకుముందున్న పేరు ఆన్‌మో, అంటే నొక్కడం, రుద్దడం. టాంగ్ వంశ కాలంలో (618–907) రాజవైద్యశాలలో మర్దనకు ప్రత్యేకంగా ఒక శాఖ ఉండేది, అందులో పాఠం చెప్పే ఆచార్యులూ ఉండేవారు. ఆ కాలపు వైద్యుడు సున్ సిమియావ్ తన గ్రంథంలో 18 కదలికల వ్యాయామ మర్దనను ‘భారతదేశపు మర్దన, బ్రాహ్మణుల పద్ధతి’ అని చేర్చాడు. ఎవరికి వారే చేసుకునే సాధన అది. మర్దన విద్య రెండు దేశాల మధ్య అంత పాతకాలంలోనే నడిచిందనడానికి ఇదొక ఆనవాలు.

ఇప్పుడు ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించే దొర్లించే పద్ధతి మాత్రం పాతది కాదు. దాన్ని 1940ల్లో షాంఘైలో డింగ్ జీఫెంగ్ రూపొందించాడు. వాళ్ల కుటుంబానిది బొటనవేలి కొసతో చేసే మర్దన సంప్రదాయం. వేలి కొస తాకే చోటు చిన్నది, పెద్ద కండలకు చాలదు. అందుకని ఆయన చేతి వెనక భాగాన్ని పనిలోకి దించాడు. 1956లో షాంఘైలో తుయినా శిక్షణ తరగతులు మొదలయ్యాక ఇది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే.

దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

చైనా వైద్యంలో ఒక మాట ఉంది: పారుతున్న చోట నొప్పి ఉండదు, నొప్పి ఉన్న చోట పారకం ఉండదు. పారేది చీ (ప్రాణశక్తి), రక్తం అని వాళ్ల వివరణ. ఆధునిక శరీరశాస్త్రం ఇంకో భాషలో చెబుతుంది. బిగుసుకున్న కండ సడలుతుంది, ఆ చోట రక్తప్రసరణ పెరుగుతుంది, హాయిగా తగిలే స్పర్శ వల్ల నొప్పి కబురు మెదడుకు చేరడం తగ్గుతుంది. ఏ వివరణ తీసుకున్నా చేతిపని మారదు.

కండ పట్టేయడం వల్ల వచ్చే మెడనొప్పి, భుజాల బిగువు, గంటల తరబడి కూర్చోవడం వల్ల వచ్చే నడుంనొప్పి, మెడ బిగువుతో వచ్చే తలనొప్పి, పిక్కలు పట్టేయడం ఇలాంటివాటికి ఉపశమనం దొరుకుతుంది. పాత మోకాలినొప్పికి, కదలని భుజానికి వ్యాయామంతో కలిపి చేస్తే మేలు. షుగరు తగ్గుతుందని, గుండె రక్తనాళాల్లో అడ్డు కరుగుతుందని, క్యాన్సర్ మాయమవుతుందని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. డాక్టరు రాసిన మందులు మర్దన కోసం ఆపకండి.

చెయ్యి వేయకముందు అడగాల్సినవి

ఈ భాగాన్ని దాటేసి ముందుకు వెళ్లకండి. తుయినాలో జరిగే పెద్ద ప్రమాదాల్లో చాలావరకు అసలు చెయ్యి వేయకూడని మనిషి మీద వేయడం వల్ల వచ్చేవే.

మెడ బిగుసుకోవడంతో పాటు జ్వరం, విపరీతమైన తలనొప్పి, వాంతులు ఉండి, గడ్డం ఛాతీకి ఆనించలేకపోతే అది మెదడు పొరల వాపు కావచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎప్పుడూ లేనంత తీవ్రమైన మెడనొప్పి ఉన్నట్టుండి మొదలై తల తిరగడం, చూపు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం ఉంటే మెడలోని రక్తనాళం చిరిగి ఉండవచ్చు, అప్పుడూ అంతే. ఎడమ చెయ్యి, దవడ, మెడ లాగుతూ ఛాతీలో బరువు, చెమట ఉంటే గుండె పరీక్ష ముందు.

నడుంనొప్పి ఉన్నవాళ్లను మూత్రం, మలం పట్టు తప్పుతున్నాయా అని, కూర్చునే చోట తిమ్మిరిగా ఉందా అని, కాలు బలం తగ్గి జారుతోందా అని అడగండి. ఒక్కదానికి అవునన్నా మర్దన లేదు, ఆ రోజే ఆస్పత్రి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. మన దగ్గర అది అరుదైన జబ్బు కాదు. క్షయ వల్ల పుచ్చిన వెన్నుపూస మీద నొక్కితే కూలిపోతుంది, నరాలు నలుగుతాయి.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ముట్టుకోకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, పిసికినప్పుడు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలదు. పడిపోయాక వచ్చిన నొప్పికి ముందు ఎక్స్‌రే తీయించాలి. ఎముకలు బోలుగా మారిన వృద్ధులకు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు, క్యాన్సర్ ఎముకకు పాకినవాళ్లకు గట్టి నొక్కుళ్లు వద్దు. చర్మం మీద పుండు, చీము, కాలిన గాయం ఉంటే ఆ చోటు వదిలేయండి. తాజాగా బెణికి వాచిన చోటును మొదటి 24 నుంచి 48 గంటలు కదిలించకండి, చన్నీటి గుడ్డ వేస్తే చాలు.

గర్భిణులకు పొట్ట, నడుము కింది భాగం ముట్టుకోకూడదు. భుజం మీది జియన్‌జింగ్, చేతిమీది హెగూ, కాలిమీది సాన్‌యిన్‌జియావ్ అనే మూడు చోట్లను చైనా వైద్యం గర్భిణుల్లో నిషేధించింది. హెగూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ. సాన్‌యిన్‌జియావ్ లోపలి చీలమండ ఎముక కొసకు నాలుగు వేళ్ల పైన, ఎముక వెనక అంచున ఉంటుంది.

చేతికి తర్ఫీదు: బియ్యం సంచి

తుయినా నేర్చుకునేవాళ్లు మనిషి మీద చెయ్యి వేయడానికి ముందు కొన్ని వారాలు, కొన్నిసార్లు నెలలు సంచి మీద సాధన చేస్తారు. సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పున్న నూలు సంచి కుట్టి, దాన్నిండా బియ్యం గాని, కడిగి ఎండబెట్టిన ఇసుక గాని పోయండి. మొదట్లో మూతి బిగించి గట్టిగా ఉంచండి. చెయ్యి కుదిరేకొద్దీ కాస్త వదులు చేస్తూ పోవాలి. వదులు సంచి మనిషి కండకు దగ్గరగా ఉంటుంది, తప్పును వెంటనే చూపిస్తుంది.

మంచి తుయినాకు పాఠ్యపుస్తకాలు నాలుగు గుణాలు చెబుతాయి: నిలకడ, బలం, సమానత, మృదుత్వం. ఈ నాలుగూ కుదిరితే అయిదోది తనంతట తనే వస్తుంది, స్పర్శ లోతుకు దిగుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. లోతుకు దిగాలంటే గట్టిగా నొక్కాలనుకుంటారు. గట్టిగా నొక్కితే కండ ఎదురు తిరిగి ఇంకా బిగుస్తుంది, స్పర్శ పైపొరలోనే ఆగిపోతుంది. మెత్తగా, ఒకే తీరున, చాలాసేపు చేస్తే కండ తలుపు తీస్తుంది.

*దొర్లించడం, గున్ ఫా*

నిలబడి చేయండి. పాదాలు భుజాలంత వెడల్పున, ఒకటి కొంచెం ముందుకు. నడుము కాస్త వంగాలి. భుజం వదులు, పైకి ఎత్తకూడదు. మోచేయి సుమారు 120 నుంచి 150 డిగ్రీల కోణంలో తెరుచుకుని, ఒంటికి జానెడు లోపు దూరంలో ఉండాలి.

అరచేతిని వదులుగా ముడవండి, పిడికిలి బిగించవద్దు. సంచి మీద తాకేది చిటికెన వేలి పక్కనున్న చేతి వెనక భాగం. మొదట చిటికెనవేలి కణుపు తాకుతుంది. ముంజేయిని బయటికి తిప్పుతూ, మణికట్టును వంచుతూ ముందుకు దొర్లితే చేతి వెనక సగభాగం సంచి మీద పరుచుకుంటుంది. తిరిగి లోపలికి దొర్లించుకుని మొదటి చోటికి రావాలి. ఇది ఒక చుట్టు. ముందుకు పోయేటప్పుడు బలం మూడు వంతులు, వెనక్కి వచ్చేటప్పుడు ఒక వంతు.

వేగం నిమిషానికి 120 నుంచి 160 చుట్లు. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని 120 దగ్గర మొదలుపెట్టండి. రోజుకు ఒక్కో చేతితో పది నిమిషాలు చేయండి, ఎడమచేతిని వదిలేయకండి. రోగి అటు తిరిగి పడుకున్నప్పుడు ఎడమచెయ్యే దిక్కవుతుంది.

తప్పులు ఇలా కనిపిస్తాయి. సంచి మీద గుడ్డ ముడతలు పడుతుంటే చెయ్యి ఈడ్చుకుపోతోంది, దొర్లడం లేదు. టక్ టక్ మని శబ్దం వస్తే కణుపులు కొట్టుకుంటున్నాయి, మనిషి మీద అది ఎముకతో పొడిచినట్టుంటుంది. మీ చిటికెనవేలి కణుపు చర్మం చీరుకుపోతే రుద్దుడు ఎక్కువైంది, ఒకటి రెండు రోజులు ఆపి, మణికట్టును ఇంకా వదులు చేసి మొదలుపెట్టండి. భుజం నొప్పెడితే బలమంతా భుజంలోంచి తీస్తున్నారన్నమాట. ఈ పనికి ఊతం ముంజేయి, మణికట్టు.

*మిగతా చేతిపనులు*

బొటనవేలితో చేసే యిజీచాన్ అన్నింటికంటే కష్టం. భుజం దించి, మోచేయి వేలాడదీసి, మణికట్టును గాలిలో నిలిపి, అరచెయ్యి ఖాళీగా, బొటనవేలి కొస మాత్రం గట్టిగా ఒకచోట నాటుకుని ఉండాలి. ముంజేయి అటూ ఇటూ ఊగితే ఆ ఊపు వేలి కొసలోంచి దిగుతుంది. లోపల వేగంగా తొయ్యాలి, చోటు మాత్రం నెమ్మదిగా మారాలి. దీన్ని గురువు ఎదుట నేర్చుకోవాల్సిందే, చదివి రాదు.

పిసకడాన్ని రోవ్ అంటారు. బొటనవేలి మెత్త గాని, అరచేతి మడమ గాని చర్మానికి అతుక్కుని, చర్మాన్నీ కింది కండనూ కలిపి గుండ్రంగా తిప్పాలి. చర్మం మీద జారితే అది రోవ్ కాదు. జారుతూ గుండ్రంగా నిమిరేది మో, దాని చోటు పొట్ట. ఈ రెండింటి తేడా చేతికి తెలియకపోతే పొట్ట మీద అనవసరంగా లోతుకు దిగుతారు, భుజం మీద పైపైనే తిరుగుతారు.

పట్టడం అంటే నా. బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు రెండో పక్క, మధ్యలో కండను పట్టుకుని పైకి తీసి వదలాలి. చపాతీ పిండి పిసికే చేతికి ఇది త్వరగా వస్తుంది. గోళ్లు తగలకూడదు, వేలి కొసలతో గిల్లకూడదు.

నొక్కడం ఆన్. నిట్టనిలువుగా, మెల్లగా మొదలై, బరువు పెరిగి, కాసేపు నిలిచి, మళ్లీ మెల్లగా వదలాలి. ఒక్కసారిగా నొక్కి ఒక్కసారిగా ఎత్తేస్తే ఆ చోటు మరునాడు కమిలినట్టు నొప్పెడుతుంది.

త్సా అంటే తిన్నగా అటూ ఇటూ వేగంగా రుద్ది వేడి పుట్టించడం. దీనికి మాత్రం నూనె కావాలి. చైనాలో నువ్వుల నూనె వాడతారు, మన ఇళ్లల్లోనూ అదే ఉంటుంది. ఒక చెంచా చాలు. రోగికి లోపలికి వేడి దిగినట్టు అనిపించగానే ఆపాలి. త్సా చేసిన చోట ఆ రోజు మరే చేతిపనీ చేయకూడదు, చర్మం ఊడుతుంది. అందుకే అది ఎప్పుడూ చివరిది.

దొర్లించడానికి, పిసకడానికి నూనె వద్దు. జారిపోతుంది, పట్టు దొరకదు. తుయినా చాలావరకు బట్టల మీద, లేదా ఒక పలచని నూలు దుప్పటి పరిచి దాని మీద జరుగుతుంది. నూనె అంటి చేసే మన మర్దనకు అలవాటుపడ్డవాళ్లకు ఇది మొదట వింతగా తోస్తుంది.

బాన్ అనే విరుపుడు పని కూడా పాఠ్యపుస్తకంలో ఉంది. మెడను ఒక కోణానికి తీసుకెళ్లి ఒక్క జర్కు ఇవ్వడం అది. ఇంట్లో చేయకండి. మెడలో వెన్నుపూసల గుండా మెదడుకు పోయే రక్తనాళాలున్నాయి. జర్కుకు వాటి గోడ చిరిగితే పక్షవాతం రావచ్చు. కటింగ్ షాపులో తల మర్దన చేసి చివర్లో టక్కున మెడ విరిపించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. వద్దని గట్టిగా చెప్పండి. పట్టేసిన మెడ విరుపు లేకుండానే వదులుతుంది.

చోటు కనుక్కోవడం

కొలత రోగి సొంత చెయ్యి. రోగి బొటనవేలి కణుపు వెడల్పు ఒక త్సున్. చూపుడువేలు, మధ్యవేలు కలిపి ఒకటిన్నర. నాలుగు వేళ్లు కలిపి మూడు. మీ చేతి కొలతతో చిన్నపిల్లవాడి కాలిమీద వెతికితే చోటు తప్పుతుంది.

పేరున్న చోట్లకు తోడు ఇంకో రకం ఉంది. నొక్కినప్పుడు రోగి ‘ఆ, అదే’ అంటాడే, ఆ చోటు. చైనావాళ్లు దీన్ని ఆషి అంటారు, అర్థం కూడా అదే. దీన్ని రాసిపెట్టినవాడు మళ్లీ సున్ సిమియావే. బొమ్మలో ఉన్న చోటుకూ రోగి చెప్పిన చోటుకూ అంగుళం తేడా ఉంటే రోగి మాటే వినండి.

పట్టేసిన మెడకు: 20 నిమిషాల వరస

రోగిని వీపు ఆనని స్టూలు మీద కూర్చోబెట్టండి. పాదాలు నేలమీద, చేతులు తొడల మీద. భోజనమై గంటైనా అయి ఉండాలి, మరీ ఆకలితోనూ ఉండకూడదు. ఫ్యాను నేరుగా మెడ మీదికి ఉంటే తిప్పేయండి. మెడ ఎటు ఎంత తిరుగుతోందో ముందే చూసి గుర్తుంచుకోండి. చివర్లో పోల్చడానికి అదే కొలబద్ద.

మొదటి రెండు నిమిషాలు చేతిమీద. అరచేతి వెనక, చూపుడువేలు, మధ్యవేలు ఎముకల మధ్య సందులో, కణుపులకు అర త్సున్ వెనక ఉన్న చోటు పేరే లువోజెన్. నొప్పి ఉన్న పక్క చేతి మీద బొటనవేలితో రోగి ఓర్చుకునేంత బరువుతో నొక్కి పిసుకుతూ, మెడను నొప్పి రాని మేర నెమ్మదిగా అటూ ఇటూ తిప్పమనండి. తిప్పేది రోగే. మీ చెయ్యి తలను తాకకూడదు. చాలామందికి ఇక్కడే తిరుగుడు కొంత పెరుగుతుంది. నొప్పి మెడ నడిమధ్య, వెన్ను వెంట ఉంటే హోవ్‌షీ వాడండి. పిడికిలి బిగిస్తే చిటికెనవేలి కింద అరచేతి గీత ముగిసే చోటు అది.

తర్వాత అయిదు నిమిషాలు దొర్లించడం. రోగి వెనక, కొంచెం పక్కగా నిలబడండి. భుజం పైకండ మీద, మెడ మొదలుకూ భుజం కొసకూ మధ్య మొదలుపెట్టి, మెల్లగా మెడ వైపు పోయి, మళ్లీ వెనక్కి రండి. మెడ మీద చెయ్యి బరువు సగానికి తగ్గాలి. వెన్నుపూస ముళ్ల మీద దొర్లించకూడదు, పక్కనున్న కండ మీదే. మెడ ముందువైపు, గొంతుకు రెండు పక్కల కొట్టుకునే నాడి దరిదాపులకు చెయ్యి పోకూడదు.

ఇప్పుడు అసలు గుట్టు వెతకండి. పట్టేసిన మెడలో చాలాసార్లు దోషి రెక్క ఎముక పైన, లోపలి మూల. అక్కడినుంచి మెడ పైపూసలకు ఒక కండ పోతుంది, పడుకున్న తీరు తప్పితే అదే బిగుస్తుంది. బొటనవేలితో తడిమితే తాడులాగా, నొక్కితే ఉలిక్కిపడేలా దొరుకుతుంది. దాని మీద రోవ్, రెండు మూడు నిమిషాలు. తాడును అడ్డంగా గిటారు తీగలా మీటకండి, వాపు వస్తుంది. వేలు తాడు మీద అతికించి, తాడుతో పాటే తిప్పండి. వేలి కింద అది మెత్తబడటం తెలుస్తుంది.

తర్వాత నొక్కుళ్లు. ఫెంగ్‌చీ పుర్రె అంచు కింద, మెడ వెనక రెండు పెద్ద కండల మధ్య పల్లంలో ఉంటుంది. ఒక చేత్తో నుదురు ఆనించి పట్టి, రెండో చేతి బొటనవేలితో పుర్రె అంచు వైపు పైకి నొక్కండి, ఒక్కో పక్క ఒక నిమిషం. తల బరువంతా మీ చేతిలోకి వదిలేస్తే సరిగ్గా కుదిరినట్టు. జియన్‌జింగ్ మెడ కింద పొడుచుకొచ్చే పెద్ద పూసకూ భుజం కొసకూ నడిమధ్య. ఇక్కడ నిట్టనిలువు నొక్కుడు వద్దు. కింద ఊపిరితిత్తి పైకొస ఉంటుంది. వేళ్లతో కండను ఎత్తి పట్టడమే మేలు. తియెన్‌జోంగ్ రెక్క ఎముక వెనక మధ్య గుంటలో ఉంటుంది. అక్కడ ఒక నిమిషం నొక్కితే నొప్పి చేతిలోకి జాలువారినట్టుంటుంది. చైనావాళ్లు ఈ సలుపు, బరువు, తిమ్మిరి కలిసిన అనుభూతి రావడాన్ని మంచి గుర్తుగా చూస్తారు. కరెంటు షాకులాంటి పోటు వస్తే అది నరం, వేలు తీసేయండి.

మెడ వెనక కండను పై నుంచి కిందికి నా పద్ధతిలో పదిసార్లు, రెండు భుజాల కండలనూ పదేసిసార్లు ఎత్తి వదలండి. చివర ఒక చెంచా నువ్వుల నూనెతో భుజం పైభాగాన్ని త్సా చేయండి, వేడి దిగేదాకా, ఒక నిమిషానికి మించి పట్టదు. తుడిచి, ఒక తువ్వాలు కప్పండి.

మళ్లీ తిప్పి చూడమనండి. మొదటిసారికే పూర్తిగా రావాలని పట్టుబట్టకండి. సగం వచ్చినా మంచి ఫలితమే. రేపో ఎల్లుండో మళ్లీ చేయవచ్చు. మామూలు లువోజెన్ కొద్దిరోజుల్లో పోతుంది. వారం దాటినా పోకపోయినా, చేతి వేళ్లలోకి తిమ్మిరి దిగినా డాక్టరుకు చూపించాలి.

నడుముకు

రోగిని బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద పలచని తలగడ, చీలమండల కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. తలగడ లేకపోతే నడుము లోపలికి వంగి కండ బిగుసుకుంటుంది, మీ శ్రమ వృథా. మంచం ఎత్తు మీ చేయి వేలాడదీస్తే పిడికిలి తాకేంత ఉండాలి. అంతకంటే కిందుంటే మీ నడుమే పట్టేస్తుంది.

వెన్నుకు రెండు పక్కలా నిలువుగా పరుచుకున్న కండ మీద ఆరేడు నిమిషాలు దొర్లించండి, కింది పక్కటెముకల నుంచి పిరుదుల దాకా. షెన్‌షూ అనే చోటు నడుములో బొడ్డుకు సరిగ్గా వెనకగా, వెన్నుకు ఒకటిన్నర త్సున్ పక్కన ఉంటుంది. రెండు బొటనవేళ్లతో ఒక నిమిషం నొక్కి పిసకండి. పిరుదు కండ మందం, అక్కడ మోచేయి వాడొచ్చు. నడుము మీద మోచేయి వద్దు, పక్కటెముకల కొసలు విరుగుతాయి.

‘నడుముకు వెయ్‌జోంగ్‌ను వెతుకు’ అని చైనా వైద్య విద్యార్థులు బట్టీపట్టే పద్యంలో ఉంది. మోకాలి వెనక మడత నడిమధ్య చోటు వెయ్‌జోంగ్. కింద పెద్ద రక్తనాళం ఉంది కాబట్టి మెత్తగా అర నిమిషం చాలు. తర్వాత పిక్కలను నా పద్ధతిలో పట్టి వదలండి. వెన్ను అడుగున ఉండే త్రికాస్థి మీద అడ్డంగా త్సాతో ముగించండి. లేచేటప్పుడు పక్కకు దొర్లి, చేతుల మీద బరువు వేసి లేవమనండి. తిన్నగా లేస్తే అప్పుడే వదులైన కండ మళ్లీ పట్టేస్తుంది.

చిన్నపిల్లల వీపు మడత

పిల్లల తుయినా వేరే విద్య. చైనాలోని షాన్‌డాంగ్‌లో దానికి పేరున్న సంప్రదాయాలున్నాయి. ఇంట్లో చేసుకోగలిగింది నియెజీ, అంటే వెన్ను వెంట చర్మాన్ని మడత పట్టి పైకి దొర్లించడం. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గే హోంగ్ రాతల్లోనే కడుపునొప్పికి ఈ చికిత్స కనిపిస్తుంది. ఇప్పుడు ఆకలి మందగించిన, తిన్నది అరగని పిల్లలకు వాడతారు.

ఆరు నెలలు దాటిన పిల్లలకే చేయండి. పొద్దున, పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు, తల్లి ఒడిలో బోర్లా పడుకోబెట్టి. చేతులు వెచ్చగా ఉండాలి, గోళ్లు కత్తిరించాలి. తోక ఎముక దగ్గర బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని మడతగా ఎత్తి, వేళ్లు మారుస్తూ ఆ మడతను అలలా మెడ మొదట్లోని పెద్ద పూస దాకా నడిపించాలి. మూడు నుంచి అయిదు సార్లు. మూడో సారి నుంచి ప్రతి మూడు మడతలకు ఒకసారి చర్మాన్ని కాస్త పైకి లాగి వదలాలి. చర్మం కొద్దిగా ఎర్రబడితే చాలు. మడత జారిపోతుంటే మరీ తక్కువ చర్మం పట్టుకున్నారు. పిల్ల కెవ్వున ఏడిస్తే గిల్లుతున్నారు. జ్వరం, దద్దుర్లు ఉన్న రోజు చేయకండి. విరేచనాలు, బరువు పెరగకపోవడం ఉంటే పిల్లల డాక్టరే ముందు.

మలబద్ధకానికి పొట్ట మీద మో, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కున, అయిదు నిమిషాలు. పెద్దపేగు దారి కూడా అదే: కుడిపక్క పైకి, అడ్డంగా, ఎడమపక్క కిందికి.

మధ్యలో ఏదైనా తేడా వస్తే

నొక్కుతుండగా రోగి ముఖం తెల్లబోయి, చల్లటి చెమట పట్టి, కళ్లు తిరుగుతున్నాయంటే చేతులు వెంటనే తీసేయండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. పూర్తిగా తేరుకున్నాక గోరువెచ్చని పంచదార నీళ్లు ఇవ్వండి. ఖాళీ కడుపుతో, నిద్రలేకుండా, భయంతో వచ్చినవాళ్లకే ఇలా ఎక్కువగా అవుతుంది. అయిదు నిమిషాల్లో తేరుకోకపోయినా, ఛాతీ నొప్పన్నా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి.

మరునాడు కొద్దిగా కండ నొప్పి సహజం, వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకు ఉండే నొప్పిలాంటిదే. రెండు రోజులు దాటినా, నీలంగా కమిలినా మీ చెయ్యి బరువు ఎక్కువైంది. కమిలిన చోటు మానేదాకా ముట్టుకోకండి, తర్వాతిసారి బరువు సగం చేయండి. ఆ రాత్రి చన్నీళ్ల స్నానం, ఏసీ గాలికి మెడ పెట్టి పడుకోవడం మానుకోమని చైనా వైద్యులు చెబుతారు. తలగడ ఎత్తు పక్కకు తిరిగి పడుకున్నప్పుడు చెవికీ భుజం కొసకూ మధ్య ఖాళీని నింపేంత ఉండాలి. రెండు తలగడలు వేసుకునే అలవాటు ఉంటే ఒకటి తీసేయించండి.